ముగ్గురక్కచెల్లెండ్ర ద్రాక్షతోట

మా పుట్టినయూరు ద్రాక్షారామమునకు రెండు క్రోసుల దూరమున కాలువగట్టున నున్నది. చిన్ననాట భీమేశ్వరస్వామి దర్శనమునకు పోయినప్పుడెల్ల "నాన్నగారూ, ద్రాక్షతోట యెక్కడ?" అని నేనడిగెడిదానను. ఇది దక్షారామమనియు, దక్షుని పేరే జనుల నోట నాని ద్రాక్షయైనదనియు చెప్పి ఆయన నవ్వెడివారు. ఆయనయే నాకు గురువు. బడిలో నేను చదివినది స్వల్పము. భారత భాగవతములును కొన్ని ప్రబంధములును ఇంటి యరుగు మీద ఆయన యొద్దనే చదువుకొంటిని. కవిత్వమునకు ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని మూడు పాకములు కలవనియు, ద్రాక్షపండు నోట వేసికొన్న తోడనే రసమిచ్చునట్లు చదివిన తోడనే తెలియునది ద్రాక్షాపాకమనియు ఆయన చెప్పినప్పుడు, ద్రాక్షను మించి సులభమైన పదార్థము లోకమున లేదని నేననుకొంటిని. ఆ తలంపు పొరపాటని తెలియుటకు నాకు ముప్పదియైదేండ్లు నిండవలసివచ్చెను, సముద్రములు దాటవలసివచ్చెను.

మా చెల్లెలి భర్త ఫ్రాన్సు దేశమున బోర్డో నగరమునందు విశ్వవిద్యాలయములో పరిశోధన చేయుచున్నాడు. చెల్లెలికి నెలలు నిండినవి. మాకు తల్లి లేదు గనుక పురుడు పోయుటకు నేనే పోవలసివచ్చినది. మావారు బడిపంతులు, నడిమి నెలలలో ఆయనకు సెలవు దొరకదు. పిల్లలిద్దరిని అత్తగారి కప్పగించి, శొంఠి, వాము, కాయపు దినుసులు, నువ్వులపొడి పెట్టెలో సర్దుకొని శ్రావణమాసమున బయలుదేరితిని.

ఆ పెట్టె యడుగున ఒక కాగితము కూడ నుండెను. మా తండ్రిగారు గతించి మూడేండ్లయినది. ఆయన విడిచిన యారెకరముల పొలముపై మాకెట్టి హక్కును లేదని మే మిరువురమును వ్రాసియిచ్చు విడుదల పత్రమది. అన్నగారు వ్రాయించి పంపిరి. నేను సంతకము చేయుట కొప్పుకొనియే యుంటిని. చెల్లెలి సమ్మతిని గూడ తెచ్చుట నా పనిగా నుండెను. మా యన్నగారు చెడ్డవారు కారు. తండ్రిగారి కడపటి జబ్బులో రాత్రింబగళ్ళు కనిపెట్టుకొని యున్నవారు ఆయనయే. ఆ పొలమును నేటికిని దగ్గరనుండి సాగు చేయించుచున్నవారు ఆయనయే. "ఆడపిల్లలకు పెండ్లిండ్లు చేసి పంపితిమి గదా" యని యూరిలో అందరు ననుకొనునదే ఆయనయు ననుకొనిరి. నేనును అట్లే యనుకొంటిని.

ఫ్రెంచివారనగానే మా ప్రాంతమువారికి యానాము జ్ఞప్తికి వచ్చును. 1954 వరకు అది వారి యేలుబడిలో నుండెను. 1929లో శారదాచట్టమై మనవైపున బాల్యవివాహములు నేరమైనప్పుడు, ఆ చట్టము చెల్లని యానామునకు పోయి జనులు పసిపిల్లల పెండ్లిండ్లు చేసికొని వచ్చెడివారు. మా ముత్తవ్వ పెండ్లి యట్టిదే యని యింటిలో చెప్పుకొందురు. కావున ఫ్రెంచి చట్టమనిన ఆడుదానికి మేలు చేయునదను తలంపు నాకు మొదటినుండియు లేదు. ఈ మాట ముందుగా చెప్పి మిగిలినది చెప్పెదను.

బోర్డో నగరము గరోన్ నది యొడ్డున నున్నది. అది కొంత దిగువను దొర్దోన్య అను నదితో కూడి, జిరోండ్ అను పేర వెడల్పై, సముద్రమును చేరును. ఆ నీటిని చూచినప్పుడు నాకు కన్నుల నీరు తిరిగినది. తేటనీరు కాదు, వానకాలపు గోదావరివలె బురదవన్నె నీరు. సముద్రపుపోటు వచ్చినప్పుడు వెనుకకు మరలుటయు, పాటున మరల జారుటయు మన పాయలలోవలెనే యుండును.

చెల్లెలికి ఆడపిల్ల పుట్టినది. వారి యెదురింట డెబ్బదియేండ్లు దాటిన యొక విధవరాలు కలదు. ఆమెను మామ్మగారని మేము పిలుచుకొనెడివారము. ఆ పిలుపు ఆమెకును నచ్చినది. ఆమె రోజున కొకసారి వచ్చి బిడ్డను చూచిపోవును. ఆమెకు కొంచెము ఇంగ్లీషు వచ్చును, నాకును కొంచెమే వచ్చును. కావున మా మాటలకు తడబాటు సమానమై స్నేహము త్వరగా కుదిరినది. బారసాల జరిగిన మరునాడు ఆమె "నీవు వచ్చినది మొదలు వంటయిల్లు తప్ప మరేమియు చూడలేదు. రేపు నాతో రమ్ము, తోటలు చూపించెదను" అనెను. మా మరది "వెళ్ళిరండి వదినగారూ, ఇంటి సంగతి నేను చూచుకొందును" అనెను. అట్లు ఒక పూట సెలవు దొరికినది.

మామ్మగారే కారు నడపినది. బోర్డోకు ఉత్తరమున, సముద్రమునకును జిరోండునకును నడుమ నాలుకవలె చాచుకొని యున్న నేలను మెదోక్ అందురు. పేరు వినగానే మన మెదకు తలపునకు వచ్చును గాని పోలిక పేరుతోనే సరి. ఈ నేల ఒకప్పుడు చాలవరకు ఊబి. పదునేడవ శతాబ్దమున డచ్చివారు కాలువలు త్రవ్వి నీరు తీసివేసిన పిమ్మటనే ఇది సాగునకు వచ్చినదట. అంతట అణగిమణగి యున్న బయలు. నడుమ నడుమ కొద్దిపాటి మిట్టలు. ఆ మిట్టలే బంగారము. పూర్వము నదులు కొండలనుండి దొరలించి తెచ్చిన గులకరాళ్ళు అచ్చట లోతుగా పేరుకొని యున్నవి. మన రైతు చూచిన "ఇది యేమి నేల? గడ్డియైనను మొలచునా?" అని వదలిపోవును. కాని ద్రాక్షతీగెకు అదియే తగినదట. వాననీరు నిలువదు, తీగె నీటికొరకు వేళ్ళను లోతునకు పంపును, రాళ్ళు పగటి వేడిమిని దాచి రాత్రి పండ్ల కిచ్చును. బలిసిన నేలలో తీగె యాకులకు పోవును, కష్టపడిన నేలలో పండునకు పోవును అని మామ్మగారనెను. నదిని చూడగల తోటయే మంచి తోట యని అచ్చటివారి సామెత. నది దగ్గరనున్నచోట మంచు బాధయు తక్కువ యట.

మనకు ద్రాక్ష యనిన పందిరి. హైదరాబాదు వైపున అనాబెషాహి గుత్తులు తలపైన వ్రేలాడుట చూచియుంటిని. ఇచ్చట పందిరి లేదు. ఒక్కొక్క తీగెను నడుమెత్తున కత్తిరించి, తీగలకు కట్టి, గజమున కొకటి చొప్పున వరుసలు తీర్చిరి. కొన్ని వరుసల మొదట గులాబిచెట్లుండెను. బూజు తెగులు వచ్చినచో గులాబికి ముందుగా సోకి తోటమాలిని హెచ్చరించునని పూర్వమునుండి వాడుక. పండ్లు చిన్నవి, నల్లనివి, తోలు మందము, గింజ లెక్కువ. ఒకటి నోట వేసికొంటిని. తీపి ఒక్క క్షణము. పిదప నాలుక పిడచకట్టునంత వగరు. ద్రాక్షాపాకమని నేను చదివినది ఈ ద్రాక్షను గూర్చి కాదని అప్పుడే తెలిసినది.

పోయాక్ అను నూరికి దక్షిణపుటంచున మేము చూడబోయిన తోట యున్నది. దాని పేరు చాల పొడుగు: పిషోన్ లాంగ్విల్ కొంతెస్ ద లలాంద్. కొంతెస్ అనగా సంస్థానాధీశ్వరి వంటి బిరుదు. ముందుగా వ్రాసి యనుమతి తీసికొన్నవారికి తోట చూపుదురు. ఒక చిన్నది వెంట వచ్చి అన్నియు చూపినది. ఇప్పుడు ఆ తోట నూరు హెక్టారులకు దగ్గర, అనగా మన లెక్కకు రెండువందల యేబది యెకరములకు సమీపము. కొంత భాగము పక్కనున్న సేంజూలియన్ గ్రామమునకు చెందిన నేలలో కూడ నున్నది. భవనము వెనుక మెట్టపై నిలిచి చూచిన ఎదుట లతూర్ అను ప్రసిద్ధమైన తోటయు, అందలి గుండ్రని గోపురమును, వాని యవతల జిరోండు వెడల్పును కానవచ్చును.

ఈ తోట పుట్టుక యెట్టిదో వినుడు. పదునేడవ శతాబ్దము తుదను పియేర్ ద రోజాన్ అను వర్తకుడు, లతూర్ తోటకు వ్యవహర్తగా నున్నవాడు, ఇచ్చట చెక్కలు చెక్కలుగా నేల కొని తీగెలు నాటించెను. అతని కూతురు తెరేజును 1694లో జాక్ ద పిషోన్ లాంగ్విల్ అను ప్రభువున కిచ్చి పెండ్లి చేసిరి. తోటలో ఈ భాగము ఆమెకు అరణముగా వచ్చినది. తోటకు మొగుని పేరు నిలిచినది. నేల తెచ్చినది మాత్రము పెండ్లికూతురు. ఈ మాట విని నేను కొంత నవ్వుకొంటిని. మన దేశమునను ఇట్టివి కలవు గదా.

తరువాతి కథయే నన్ను కదలనీయలేదు. ఆ వంశమున బారన్ జోసెఫ్ అను వృద్ధుడు 1850లో గతించెను. అతనికి ఇద్దరు కొడుకుల సంతు, ముగ్గురు కూతుళ్ళ సంతు. ఫ్రెంచి విప్లవమునకు పిమ్మట, 1804లో నెపోలియను కాలమున ఏర్పడిన ధర్మశాస్త్రము ప్రకారము తండ్రి సొత్తులో ఆడుబిడ్డకు మగబిడ్డతో సమాన భాగము. కావున తోటను అయిదు పాళ్ళు చేసిరి. రెండు పాళ్ళు కొడుకుల వైపునకు పోయినవి. మూడు పాళ్ళు సోఫీ, గాబ్రియేల్, వర్జినీ అను నక్కచెల్లెండ్రకు వచ్చినవి. నేటికిని దారి కీవల ఒక తోట, ఆవల ఒక తోట; ఒకటి బారన్ తోట, ఒకటి కొంతెస్ తోట. రెండింటికిని మొదటి పేరు పిషోన్ లాంగ్విల్లే.

ముగ్గురును తమ పాళ్ళను ముక్కలుగా అమ్ముకొనలేదు. మువ్వురి నేలయు ఒక్కచోటనే యుంచి వర్జినీ దానిని నడిపినది. ఆమె 1818లో లలాంద్ ప్రభువును పెండ్లాడినది. కొంతెస్ అను బిరుదు ఆ విధముగా వచ్చినదే. 1840 ప్రాంతమున కట్టించిన యా భవనమునకు బోర్డోలోని భర్తగారి వంశపు హర్మ్యమే మాదిరి; ఆ హర్మ్యము పిదప అలంకారకళల ప్రదర్శనశాల యైనది. 1855లో పారిసు నగరమున జరిగిన మహాప్రదర్శనమునకై బోర్డో దళారులు మెదోక్ ఎఱ్ఱ మద్యములను అమ్ముడుధరను బట్టి అయిదు తరగతులుగా పట్టిక వేసిరి. అందు పిషోన్ తోటకు రెండవ తరగతి వచ్చినది. ఆ పట్టిక నేటికిని చెల్లుచున్నది. తరగతి మారినది యొక్క మూతోన్ తోటకే. అది 1973లో రెండవదానినుండి మొదటిదానికి హెచ్చినది. వర్జినీ 1882లో గతించినది. సంతానము లేదు. తోట మరల బంధువర్గమున ఒక స్త్రీకే చేరినది.

ఇది వినుచు నేను "ఆహా, ఈ దేశపు స్త్రీల భాగ్యము!" అంటిని. మామ్మగారు చేయి యెత్తి ఆపినది. "తొందరపడకుము. భాగము చట్టము ఇచ్చినది. దానిని ముట్టుకొనుటకు మగని యనుమతి కావలయునని ఆ చట్టమే చెప్పినది. మా యమ్మ తాను కూలి చేసి తెచ్చిన సొమ్మును బ్యాంకులో తన పేర వేసికొనుటకు మా నాయన సంతకము కావలసియుండెను. 1965లో గాని అది పోలేదు. ఓటు 1944లో వచ్చినది. ఇచ్చుటయు, చేతిలో పెట్టుటయు ఒకటి కాదు సుమా" అని చెప్పినది. ఆ ముదుసలి యౌవనమున ఏటేట ఆశ్వయుజమాసమున ఈ తోటలలోనే కూలికి ద్రాక్షలు కోసినదట. ఆమె మాటలో బరువున్నది.

తోట 1925లో మియాయ్ అను వర్తక కుటుంబమువారి కమ్ముడుపోయినది. వారి పంపకములలో 1978లో ఎదువార్ మియాయ్ గారి కూతురు మే ఎలియాన్ ద లాంకసాంగ్ అను నామె వంతునకు ఈ తోట వచ్చినది. అప్పటి కామెకు ఏబదిమూడేండ్లు. సైన్యాధికారి భార్యగా ఊరూర తిరిగి సంసారము చేసికొన్న గృహిణి. ఆ వయసున ఆమె తోటపని నేర్చుకొని, ముప్పదేండ్లకు దగ్గరగా దానిని నడిపి, దేశదేశములు తిరిగి దాని పేరు నిలిపినది. 2003లో, డెబ్బదియెనిమిదవ యేట, దక్షిణాఫ్రికాలో గ్లెనెల్లి అను మరియొక తోటను మొదలుపెట్టినది. 2007లో పోయాక్ తోటను షాంపేను సీమకు చెందిన లూయీ రోయెదరేర్ వారి కిచ్చివేసినది. ఏబదేండ్లు దాటిన తోడనే మనకిక పని లేదనుకొను నలవాటు మనలో చాలమందికి కలదు. వారందరు ఈమెను తలచుకొనవచ్చును.

ఇక పండు మద్యమగు విధము. వంట చేయువారము గనుక ఇది మనకు తెలిసికొనదగినదే. ఇచ్చట ముఖ్యముగా కాబెర్నే సోవిన్యోన్, మెర్లో అను రెండు జాతులను, కొలదిగా కాబెర్నే ఫ్రాంక్, పెతీ వెర్దో అను జాతులను పెంచుదురు. కాబెర్నే సోవిన్యోన్ వగరును బిగువును ఇచ్చును. మెర్లో మెత్తదనము నిచ్చును. ఇరుగుపొరుగు తోటలకంటె ఈ తోటలో మెర్లో పాలు హెచ్చుగా నుండుట వాడుక యనియు, అందుచేతనే దీనికి మృదువైనదను పేరు వచ్చెననియు చెప్పుదురు. చిత్రమేమనగా, ఈ రెండు జాతులకును తండ్రి కాబెర్నే ఫ్రాంకే యని జన్యుపరీక్షలవలన శాస్త్రజ్ఞులు తేల్చిరి. తల్లులు వేరు, తండ్రి యొకడే. ఒక సీసాలో కలిసి కాపురము చేయునవి సవతి తోబుట్టువులన్న మాట!

మన మామిడి అంటు కట్టినట్లే ఇచ్చటి ద్రాక్షకును అంటు కట్టుదురు. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికానుండి ఫిలొక్సేరా అను సూక్ష్మమైన పురుగు వచ్చి వేళ్ళను తిని ఫ్రాన్సు తోటలను నాశనము చేసినది. ఆ పురుగును తట్టుకొను అమెరికా తీగె మొదలుపై ఫ్రెంచి కొమ్మను కట్టుటయే దానికి దొరికిన మందు. రోగము వచ్చిన చోటనుండియే మందును వచ్చినది.

పండ్లను చేతులతో కోసి, బల్లలపై పోసి, పనికిరానివానిని ఏరివేసి, తొట్లలో నింపుదురు. తోలుపై నుండు పులుపుజీవులును, వేరుగ కలుపునవియు, పండులోని చక్కెరను తిని మద్యసారముగాను బొగ్గుపులుసు వాయువుగాను మార్చును. మన యిడ్లిపిండి పొంగునది యిట్టి తీరుననే. తోళ్ళు పైకి తేలి తెట్టుకట్టును. అడుగు రసమును తోడి ఆ తెట్టుపై మరల మరల పోయుదురు. రంగును వగరును దిగునది తోలునుండియే. కొన్ని వారములకు రసమును వడకట్టి ఓకు చెక్క పీపాలలో పోసి, సుమారు పదునెనిమిది మాసములు చల్లని యరలో నుంచుదురు. ఒక్కొక్క పీపాకు 225 లీటరులు, అనగా మూడువందల సీసాలు. నడుమ నడుమ పైతేట తీసి వేరొక పీపాలో పోయుదురు. తేటపరచుటకు పీపాకు అయిదారు కోడిగ్రుడ్ల తెల్లసొన గిలకొట్టి కలుపుట పూర్వాచారము. అది మడ్డిని పట్టుకొని యడుగునకు దిగును. మనము బావినీటికి చిల్లగింజ అరగదీయుట లేదా? మిగిలిన పచ్చసొన యేమగునని నాకు సందేహము వచ్చినది. ఆడుదానికి వచ్చు సందేహమదియే గదా! కనెలే అను బోర్డో పిండివంట ఆ పచ్చసొనతోనే పుట్టినదని చెప్పుకొందురని మామ్మగారనెను. నేను గ్రుడ్డు ముట్టనిదానను గనుక అంగడిలో దానిని చూచి మాత్రము సంతోషించితిని.

ఇంత చేసి సీసాలో పోసిన తోడనే అది త్రాగుటకు రుచి కాదట. వగరు నాలుకను కోయునట్లుండును. సీసాను పక్కమీద పరుండబెట్టి, బెండుమూత తడియారకుండ చూచి, చీకటిలో చల్లగా పదియేండ్లో ఇరువదియేండ్లో ముప్పదియేండ్లో ఉంచవలయును. ఆ కాలమున వగరునిచ్చు పదార్థములు ఒకదానితో నొకటి కూడి బరువెక్కి మడ్డియై యడుగున దిగును; పైది మెత్తబడును; పండువాసన పోయి వేరువాసనలు పుట్టును. అన్ని మద్యములును ఇట్లు నిలువవు. చాలవాటికి కాలము చేటే. నేల, సంవత్సరము, చేసినవారి చేయి, ఈ మూడును కుదిరినవి మాత్రమే కాలముతో బాగుపడును.

ఆ సాయంకాలము మామ్మగారు నన్ను తన యింటికి పిలిచినది. ఆమె కూతురు 1982లో పుట్టినది. బిడ్డ పుట్టిన యేటి ద్రాక్షతో చేసిన సీసాలు కొని దాచుట అచ్చట కొన్ని కుటుంబముల ఆచారము. ఆ సంవత్సరము ఎండలు బాగుగ కాసి బోర్డో సీమకు మేలి సంవత్సరమైనది. ఆమె భర్త పిషోన్ కొంతెస్ సీసాలు ఆరు కొని దాచెను. కూతురు పెద్దదై కెనడాలో కాపురమున్నది; భర్త లేడు; సీసాలు రెండు మిగిలినవి. "ఒకటి నా కూతురు వచ్చినప్పటికి. ఇంకొకటి ఈ యిండ్లలో మరల నొక యాడపిల్ల పుట్టినదని ఈ రోజున" అనెను. ముందునాటినుండియే సీసాను నిలువుగా పెట్టి మడ్డిని అడుగునకు దింపి యుంచినది. బెండుమూత నల్లబడి యుండెను. క్రొవ్వొత్తి వెలుగుకెదురుగా సీసామెడ పట్టుకొని, గాజుకూజాలోనికి సన్నని ధారగా వంచి, మడ్డి మెడవరకు వచ్చిన తోడనే ఆపివేసినది. పెరుగుమీది తేట వంచు మన చేతులకు ఆ నేర్పు క్రొత్తది కాదు.

రంగు నడుమ ఎఱ్ఱ, అంచున పాత యిటుకరంగు. నేను త్రాగనని చెప్పితిని. ఆమె బలవంతపెట్టలేదు. "వాసన చూచుటలో దోషము లేదు గదా" యనెను. చూచితిని. ద్రాక్షపండు వాసన యేమియు లేదు. మా నాయనగారి తాటాకు పుస్తకములుండు పాత పెట్టె తెరచినట్టు. ఎండుటాకులపై తొలివాన పడినట్టు. దూరమున ఎక్కడనో పొగాకు ఆరవేసినట్టు. నలువదియేండ్లకు పైగా చీకటిలో పండుకొన్న యెండ యది. ఇది ద్రాక్షాపాకము కాదు. టెంక పగులగొట్టి, పీచు తీసి, వేచి యనుభవింపవలసిన నారికేళపాకము.

అక్కలారా, ఇంతవరకు వ్రాసి నేను మద్యమును మెచ్చుకొంటినని యనుకొనవలదు. ఆ గ్లాసు ఎదుటనుండగానే మా యింట పనిచేయు స్త్రీ కన్నులకు కట్టినది. ఆమె నెలజీతమును మొగుడు వీధి చివరనే పట్టుకొని పోవును. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు దిద్దుకొను కూలిస్త్రీలు సారాకొట్టు మూయించిరి. ఆ యగ్గి రాష్ట్రమంతట ప్రాకి 1993 అక్టోబరు 1వ తేదినుండి సారా అమ్మకము నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ నిషేధమును వచ్చినది. రెండేండ్లకే అది పోయినది. ఆ స్త్రీలు చేసిన పని యెంత యవసరమో పరదేశమున కూడ నాకు మరపునకు రాలేదు. ఫ్రాన్సువారును ఎరుగనివారు కారు. 1991లో వారు మద్యపు ప్రకటనలను చట్టముతో కట్టుదిట్టము చేసిరి. ఇప్పటి సీసాలపై గర్భిణులు త్రాగరాదను గుర్తు ముద్రింపబడి యుండును. మామ్మగారి సొంత తమ్ముడు త్రాగుడుచేతనే పోయెనని ఆమెయే చెప్పి, ఒక్క గ్లాసు తాను పుచ్చుకొని, కూజాను మూసివేసినది. సీసా యెంత ప్రసిద్ధమైనదైనను అందున్నది మద్యమే.

నేను అచ్చటినుండి తెచ్చుకొన్నది వేరు. ఆ రాత్రి చెల్లెలు బిడ్డకు పాలిచ్చుచుండగా పెట్టె తెరచి ఆ కాగితమును తీసి దానికి చూపితిని. తోట కథయు చెప్పితిని. చెల్లెలు చాలసేపు మాటాడలేదు. పిదప "అక్కా, నాకు పొలము మీద ఆశ లేదు. అన్నయ్య అడిగిన ఇచ్చెదను. కాని ఇందులో 'మాకు హక్కు లేదు' అని వ్రాసియున్నది. లేనిదానిని ఇచ్చుట యెట్లు?" అనెను. ఆ మాట నేను అంతవరకు తలపలేదు. వీలునామా లేక తండ్రి గతించినచో ఆయన స్వార్జితములో కూతురికి కొడుకుతో సమాన భాగమని 1956నాటి చట్టము చెప్పుచున్నది. పిత్రార్జితమునందును ఆడుబిడ్డకు హక్కు 1986లో మన రాష్ట్రమునను, 2005లో దేశమంతటను వచ్చినది. చట్టము చదివినది నేను కాను. మావారు చదివి చెప్పిరి. నాకు తెలిసియు, తెలియనట్లే సంతకము చేయుటకు సిద్ధపడియుంటిని.

మరునాడు ఇద్దరమును కలిసి అన్నగారికి ఉత్తరము వ్రాసితిమి. పోట్లాట మాట యొక్కటియు లేదు. "నాన్నగారి నేల ముందు ముగ్గురి పేరను వ్రాయబడవలయును. సాగు మీరే చేయుడు. నాన్నగారికి మీరు చేసిన సేవ మేమెరుగుదుము. దానికి తగినది మాకంటె ముందు మీకే చెందవలయును. ఆ పిమ్మట మేమిచ్చునది మా చేతులతో మీకిచ్చెదము. హక్కు లేదని మాత్రము వ్రాయము" అని వ్రాసితిమి. ఉత్తరము వేసి వచ్చునప్పుడు నాకు కాళ్ళు వణకిన మాట నిజము. పుట్టింటి గడప తెగునేమో యను భయము ఆడుదానికి పాము భయముకంటె పెద్దది.

పది దినములు జవాబు లేదు. ఆ పది దినములును నాకు తిండి సహింపలేదు. పదునొకండవ దినమున అన్నగారే ఫోను చేసిరి. కోపముగా లేరు, సంతోషముగాను లేరు. "నాన్న యుండిన ఏమనెడివారో నాకు తెలియదు. సంక్రాంతికి మీరిద్దరును రండి. బిడ్డను చూచినట్లుండును. కూర్చుండి మాటాడుకొందము" అనిరి.

ఆ కాగితమును నేను చింపలేదు, సంతకమును చేయలేదు. దానిని మరల పెట్టె యడుగున పెట్టుకొని ఇంటికి వచ్చితిని. సంక్రాంతికి ఇంకను మూడు మాసములున్నవి.